అయిదో కప్పు

ఒంగోలు బైపాసు పక్కన పాత పొగాకు గోడౌను.
లోపల ఇప్పుడు కాఫీ గింజలు వేయిస్తారు.
గోడలకు రెండు పూతలు సున్నం కొట్టారు గానీ
మబ్బు కమ్మిన రోజున
ఇటుకల్లోంచి ఇంకా ఆకు వాసన ఊరుతుంది.
ఆ సంగతి నాకే తెలుసు,
ఇరవై రెండేళ్లు టంగుటూరులో ఆకు గ్రేడు చేసినదాన్ని.

ఇక్కడ నా పని పచ్చిగింజలు ఏరడం.
నల్లది, పుచ్చుది, విరిగింది, గవ్వలా వంగింది
వేలి కొసన ఒక్క క్షణం ఆగి పక్కకు పోతాయి.
కళ్లకు వచ్చింది గానీ చత్వారం, వేళ్లకు రాలేదు.

"సువార్తక్కా, ఇవాళ నువ్వూ కూచో" అంది హిమజ.
రుచి చూసే గదిలోకి
ఇన్నాళ్లూ బకెట్టుతోనే వెళ్లాను.
తెల్ల బల్ల. అయిదు కాఫీలు, అయిదు కప్పులు.
ఉమ్మడానికి వేరే గ్లాసులు.
బెంగళూరు నించి వచ్చిన పిల్లోడు, నవాజ్,
గడియారం చూసుకుంటా వేణ్ణీళ్లు పోశాడు.
నాలుగు నిమిషాలు ఎవరూ నోరు మెదపలేదు.
మా చర్చిలో ప్రార్థనప్పుడు కూడా అంత నిశ్శబ్దం ఉండదు.

ఆపైన జుర్రడం!
గంజి జుర్రితే మా అమ్మ వీపు చిట్లగొట్టేది.
చదువుకున్నోళ్లు వీళ్లు,
గోనె పట్టా బర్రున చించినట్టు
చెంచాలోంచి లాగి, నోరంతా తిప్పి, ఉమ్మి,
"మల్లె" అంటారు. "నారింజ తొక్క" అంటారు.
మార్కులు కూడా. ఎనభై నాలుగూ ముప్పావంట.
మా వాడికి పదో తరగతిలో ఏ పేపర్లోనూ రాలేదు అన్ని.

నాకు మల్లె దొరకలా.
మొదటిది చింతపండు నానేసిన నీళ్లు.
రెండోది అడుగంటిన బెల్లం పాకం.
మూడోది, చెప్పడానికి సిగ్గేసింది,
తెల్లారుజామున బ్యారను తలుపు తీస్తే
ముఖాన కొట్టే వేడి,
ఆకు పసుపు తిరిగిన వాసన.
"భలే ఉందక్కా" అన్నాడు నవాజ్,
ఏ గడిలో రాయాలో తెలీక పెన్సిలు తిప్పుతా.

నాలుగోది నాతో ఏమీ అనలేదు.

అయిదో కప్పు దగ్గర నా ముక్కు ఆగింది.
వాళ్లిద్దరూ మెచ్చుకుని దాటిపోయారు అప్పటికే.
తీపి అడుగున, ఎక్కడో లోతున,
తడి గోనె.

ఈ వాసనతో నాకు పాత లెక్కుంది.
వేలంలో బేలు లోపలికి చెయ్యి దూర్చి
పిడికెడు ఆకు లాగి "బూజు" అంటే చాలు,
బయ్యరు అడుగు ఆపకుండా దాటేస్తాడు.
కొండపి రైతు మాలకొండయ్య
నో బిడ్ చీటీని తువ్వాలుతో
దులిపితే పోద్దేమోనన్నట్టు
పొద్దు గుంకేదాకా దులుపుతా నిలబడ్డాడు.
ఆ రోజు చెయ్యి దూర్చింది నేనే.

చింతపల్లి పైన ఏ గూడెంలోదో ఈ మూట.
మీద రాసిన పేరు సగం చెరిగింది.

"ఏందక్కా?"
"ఆరకముందే కట్టారమ్మా" అన్నా.
"వాన పట్టుకుని ఉంటది. వాళ్లేం చేస్తారు?"

నవాజ్ మళ్లీ జుర్రాడు. ఇంకోసారి.
కాగితం మీద ఇంగ్లీషులో ఒక మాట రాసి
కింద గీత గీశాడు.
వాన సంగతి యాడ రాశావయ్యా అంటే
నవ్వాడు. దానికి గడి లేదంట.

హిమజ ఫోను తీసుకుని బయటికి పోయింది.
అద్దం తలుపు అవతల
కేకలేస్తుందో, కనుక్కుంటుందో,
పెదాలు మాత్రం కదులుతున్నాయి.

నాలుగు కప్పులు కడిగి బోర్లించా.
ఆ గదిలో చక్కెర పెట్టరు.
నా అన్నం సంచిలో పొట్లం ఉంటది ఎప్పుడూ.
అయిదోదాన్లో అంతా వొంపుకుని
గోడౌను మెట్ల మీద కూచుని తాగా.
చల్లారిపోయింది గానీ
పారబోసేంత చెడ్డగా ఏం లేదు.